ధార పడే వేళకే ప్రయాణం

ఆ తాటిమట్ట ఇలాగ లోపలికి తొయ్యి నాయినా, నెగడు చల్లారిపోతంది. ముందుపక్క ఒళ్లు కాలిపోతంటే వెనకపక్క చలి కొరికేస్తంది. పుష్యమాసం చలి ఇంతే. గోనెసంచులున్నాయి, వీపుమీద కప్పుకోండి. సిగ్గేటి? మేం అవే కప్పుకునీవోళ్లం.

ఏటి చూస్తన్నారు అందరూ ఒక్క ఫోనులోన తలకాయలు దూర్చీసి? కటికి జలపాతమా? ఏదీ, ఇలాగ తే. కళ్లజోడు లేదుగానీ కనిపిస్తంది. బాగుంది. ఎప్పుడు తీసిన ఫొటోరా ఇది? తెలీదా? నే చెప్తాను. ఆ రాతిపక్కన గడ్డి చూడు, మోకాలెత్తుంది. నీళ్లు రాయి అంచు మొత్తం నిండి పడతన్నాయి. భాద్రపదంలోనో ఆశ్వయుజంలోనో తీసుంటారు. మీరు కనుమ వెళ్లిన మర్నాడు బయల్దేరితే అక్కడ ధార చూడరు, దారం చూస్తారు.

నవ్వుతావేటే బుజ్జీ? నిజమే చెప్తన్నాను. జ్యేష్ఠంలో తొలకరి పడితే మన కొండగెడ్డలకి కదలిక వస్తాది. శ్రావణం, భాద్రపదం ఎర్రగా పారతాయి, అప్పుడు దగ్గరికెళ్లకూడదు. ఆశ్వయుజంలో ఒక తుఫాను వాన దంచి, అది తగ్గి, నీళ్లు తేటబడ్డాక, దీపావళి నుంచి కార్తీకం వెళ్లీవరకూ చూడాలి. నీళ్లూ ఉంటాయి, అడుగున రాయీ కనిపిస్తాది. ఆ తర్వాత రోజుకింత సన్నబడిపోతాయి. మన ఊరి చంపావతిని చూడండి, అదీ కొండ దిగి వచ్చిందే, మెంటాడ అవతల ఆండ్ర కొండల్లో పుట్టింది. ఇప్పుడెళ్తే ఇసకలోన నీటి చార. తుఫానుకి చూస్తే వంతెన మీద నిలబడ్డానికి భయమేస్తాది.

సెలవులు ఇప్పుడే దొరికాయి అంటావు. సెలవులు మీ ఆఫీసోళ్లు ఇచ్చారు, నీళ్లు కూడా వోళ్లే ఇస్తారేటి? సరే, మీ ప్లాను నేనెందుకు పాడుచెయ్యాల. కటికి మాట అవతల పెట్టండి కాసేపు. శృంగవరపుకోట పుణ్యగిరి పేరు విన్నారా? అక్కడి ధార చెట్టూచేమా ఎండిపోయిన మాఘంలో కూడా పడతానే ఉండీది. నేను వెళ్లినప్పుడెప్పుడూ ఆగిపోగా చూడలేదు.

మా రోజుల్లో ఊరికే సరదాకి ఎక్కడికైనా వెళ్లొద్దాం అనీ మాటే లేదు. ఆడదానికి అసలే లేదు. గజపతినగరం నుంచి కదలాలంటే ఏదో ఒక వంక కావాలి. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఒక వంక, దసరా వెళ్లిన మంగళవారం. రామతీర్థం ఒక వంక. పెళ్లి, పురుడు, చావు, ఇవి వంకలు. మగోళ్లకి మానాపురం సంత ఉండీది. ఎడ్లు కొన్నా కొనకపోయినా వెళ్లి, పళ్లు పట్టి చూసి, బేరాలాడి, పొద్దుగూకి వచ్చీవోళ్లు. అది వోళ్ల షికారు. నీళ్లు పడతంటే చూడ్డానికి బండి కట్టమని నేనుగానీ అడిగుంటే మా అత్త చీపురు తీసీది.

అందుకని నేను మొదట చూసిన జలపాతం ఒక చావు పుణ్యాన చూశాను.

మీ తాతకి నాయనమ్మ వరికోతలప్పుడు పోయింది. నేను అప్పటికి కొత్త కోడల్ని. దహనం అయ్యాక అస్థికలు కొత్త ముంతలో వేసి, మూతికి గుడ్డ కట్టి, గుమ్మం దాటించకుండా దొడ్లో చింతచెట్టు కొమ్మకి వేలాడదీశారు. కాశీ వెళ్లీ స్తోమత మాకెక్కడిది? గోదారే దూరం మాకు. మన వైపు ఎందరికో కాశీ అయినా గయ అయినా పుణ్యగిరే. పోయినవోళ్ల అస్థికలు దాచిపెట్టి, శివరాత్రికి తీసుకెళ్లి అక్కడ ధారలో కలిపీవోళ్లు. ఇప్పటికీ కలుపుతన్నారు. అలాగ ముంత చెట్టుకి ఎక్కిన రోజే మా ప్రయాణం ఖాయమైపోయింది. పిల్లల్ని ఆ చెట్టు కిందికి వెళ్లొద్దని ఎంత చెప్పినా వినీవోళ్లు కాదు. ముంత కింద నిలబడి, "ముసలమ్మా, మమ్మల్ని కోట ఎప్పుడు తీసుకెళ్తావే" అని అడిగీవోళ్లు. మా మావ విని కూడా విననట్టు వెళ్లిపోయీవోరు. తల్లి మీద బెంగ ఆయనకి, బండెక్కాలని బెంగ వీళ్లకి.

ఇక ప్లాను. మీరైతే అరగంటలో గది, కారు, భోజనం అన్నీ ఆ అద్దం మీద నొక్కీసి అయిపోయిందంటారు. మాకు సంక్రాంతి ముగ్గులు చెరిగీ లోపల మొదలై శివరాత్రి దాకా సాగింది. మూడిళ్లవోళ్లం కలిసి వెళ్లాల. ఎవరు వస్తారు, ఎవరు ఇల్లు కాపలా ఉంటారు, పాడిగేదెని ఎవరు పితుకుతారు. దాని మీదే వారం రోజులు గొడవ. కమ్మరి దగ్గరికి ఎడ్లని తోలుకెళ్లి నాడాలు కొట్టించారు, కొండ దగ్గరపడే కొద్దీ తోవ అంతా గులకరాళ్లు కదా. బండి ఇరుసుకి ఆముదంలో మసి కలిపి కందెన వేశారు. గూడుకి వెదురుచాప, లోపల వరిగడ్డి, దానిమీద దుప్పటి. శివరాత్రంటే మాఘ బహుళ చతుర్దశి, తెల్లారితే అమావాస్య. వెన్నెల చుక్క ఉండదు. అందుకని లాంతరు అద్దాలు ముగ్గుపిండితో తోమి, కిరసనాయిలు రెండు సీసాలు వేరే కట్టుకున్నాం.

తిండి సంగతి మా అత్తది. ఉపవాసాలోళ్లకి చిలగడదుంపలు, అరటిపళ్లు. పిల్లలకి మొదటి పూట చద్దన్నం, తరవాణి, ఆవకాయ. దారిలో నమలడానికి అటుకులు, బెల్లం, జంతికలు. పారణ రోజుకి బియ్యం, కందిపప్పు, తీపి గుమ్మడికాయ. ముంత ఉన్న బండిలో తిండి పెట్టకూడదు, అది ఒక నియమం. కాబట్టి ముందుబండిలో ముంతా, మా మావా, ముసలాళ్లూ. వెనకబండిలో బియ్యం మూటలు, పిల్లలు, నేను. జంతికల డబ్బా ఉన్న బండే గదా అని పిల్లలందరూ అందులోనే ఎక్కుతామని తగువు.

నాకు అప్పజెప్పిన పని విస్తళ్లు. అడ్డాకులు కొండోళ్లు సంతకి కట్టలు కట్టి తెచ్చీవోళ్లు, కాస్త వాడిపోయుండీవి. ముందురోజు తడిగుడ్డలో చుట్టి పెట్టాల, లేదంటే మడతపెట్టగానే చిట్లిపోతాయి. ఒకదాని అంచుమీద ఒకటి పరిచి, సన్నపుల్ల లోపలికి గుచ్చి, పైకి తీసి, అక్కడికక్కడే విరవాల. పుల్ల ఒక్క రవ్వ పొడుగు మిగిలిందా, అన్నం కలిపీటప్పుడు వేలికి దిగుతాది. పొట్టిగా విరిస్తే కుట్టు ఊడిపోతాది. మా అత్త కుట్టిన విస్తట్లో చారు పోసినా కిందికి దిగీది కాదు. నేను కుట్టినవి మజ్జిగకే చేతులెత్తీసీవి. నా విస్తళ్లు నాకే వెయ్యమని అందరికీ చెప్పి పెట్టింది మహాతల్లి.

తొలికోడి కూసీ వేళకి బళ్లు కట్టారు. మన ఊరి నుంచి కోట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, ఎడ్లబండికి పగలంతా పట్టింది. తెలతెలవారి చూస్తే ఎదురుగా కొండలు నీలంగా కనిపించాయి. మధ్యాహ్నానికి ఆ నీలం పోయి పచ్చదనం వచ్చింది. ఇంకాస్త వెళ్లాక పచ్చదనంలోంచి చెట్టుకి చెట్టు విడిగా కనిపించింది. కారులో వెళ్తే ఇది తెలీదురా. ఒక కొండ దగ్గరవడం ఎలాగుంటాదో నేను ఆ బండి వెనక కాళ్లు వేలాడేసుకుని చూశాను.

గోస్తనీ దాటాల. అప్పటికి తాటిపూడి ఆనకట్ట కట్టలేదు, 1963లో మొదలెట్టారు అది. మాఘంలో ఏరు సన్నగా ఉండీది, బళ్లు నీళ్లలో దింపి తోలీవోళ్లు. ఎడ్లు నడి ఏట్లో ఆగి నీళ్లు తాగాయి. మా మావ దక్షిణంగా చెయ్యి చూపించి, అటు జామి ఉందనీ, అక్కడ జమ్మిచెట్టు మీదే పాండవులు ఆయుధాలు దాచారనీ, ఈ నేలంతా విరాటరాజు ఏలుబడనీ చెప్పుకొచ్చారు. మీ పెదనాన్న వయసు గుంటడొకడు, ఆయుధాలు ఇంకా చెట్టు మీదున్నాయా అని అడిగాడు. ఉంటే మన ఊరి మునసబు పన్ను వేసుండీవోడ్రా అన్నారు మా మావ. తల్లి పోయాక ఆయన నవ్వగా అదే చూడ్డం.

ఆ గోస్తనీ ఎక్కడ పుడతాదో తెలుసా? మీరు వెళ్తామంటున్న కొండల్లోనే. బొర్రా గుహల్లోంచి పారీ ఏరు అదే, మీ కటికి దగ్గర దూకీదీ అదే, తాటిపూడిలో నిలబడీదీ అదే, భీమిలి దగ్గర సముద్రంలో కలిసీదీ అదే. 1968కి ఆనకట్ట పూర్తయ్యాక ఆ నీళ్లు విశాఖపట్నం కుళాయిల దాకా వెళ్లాయి. మీ అమ్మ విశాఖలో కాపురం పెట్టిన కొత్తలో ఇంటికి నీళ్లు రాలేదని ఫోను చేస్తే, మా ఎడ్లు తాగిన నీళ్లే మీకు పంపుతున్నాం, ఓపిక పట్టమని చెప్పాను.

పొద్దువాలీ వేళకి కోట చేరాం. అక్కడి నుంచి పుణ్యగిరి కొండ కిందకి ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు. బళ్లే బళ్లు. తోటల్లో, గట్లమీద ఎక్కడ చూసినా విప్పిన కాడి, కట్టిన ఎద్దు, రాజుకుంటున్న పొయ్యి. ఒకపక్క తప్పెటగుళ్లోళ్లు గుండెలమీద రేకులు కట్టుకుని వాయిస్తన్నారు. కింద అంత సందడి. మెట్ల దగ్గరికి వచ్చీసరికి మాత్రం సగంమంది చేతుల్లో మాలాగే ముంతలు. మూటలో పట్టుకున్నవోడు, చంకలో పెట్టుకున్నవోడు, తలమీద పెట్టుకున్న ఆడమనిషి. ఒకరి ముంత ఒకరు చూసుకోడం, ఎవరు అని అడగడం. తల్లి అంటే తల్లి అనీ, కొడుకు అంటే ఇంకేం మాట్లాడకుండా తోవ ఇవ్వడం. తెలియనోళ్లు అలాగ మాట్లాడుకోగా నేను మరెక్కడా చూడలేదు.

పైన ఉమాకోటిలింగేశ్వరస్వామి. రాతిలోంచి ధార పడతాది. ఎత్తేమీ కాదు, మీ ఫొటోల్లోలాగ ఉండదు. ముందే చెప్తన్నాను, వెళ్లి పెదవి విరవకండి. కానీ నీళ్లు అంత చల్లగా ఎలాగుంటాయో నాకు ఇప్పటికీ తెలీదు. మా మావ ముంత గుడ్డ విప్పి వంచారు. తెల్లగా ఇసకలాగ పడింది, కొంత నీళ్లతో పోయింది, కొంత రాతి గుంటలో ఉండిపోయింది. ఆయన కూర్చుని దోసిలితో నీళ్లు తీసి తీసి ఆ గుంట కడిగారు. మంత్రం చెప్పీ ఆయన ఇక చాలు లెమ్మన్నా లేవలేదు. పసిబిడ్డకి నీళ్లుపోసినట్టు పోశారు. చివరి రవ్వ కదిలాక లేచి, ముంత పగలగొట్టి, తను ధార కింద నిలబడ్డారు. ఆ తర్వాత మేమంతా. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటన్నాయి, ఎవరు ఏడుస్తన్నారో ఎవరు వణుకుతున్నారో తెలీదు. పిల్లలు కేకలు. మా పెద్దత్తకి అరవై దాటుంటాయి, విధవ మనిషి, ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడి ఎరగదు. ఆవిడ నెత్తిమీద నీళ్లు పడగానే కిసుక్కున నవ్వింది. నవ్వి, చుట్టూ చూసి, నోరు మూసుకుని, మళ్లీ వెళ్లి నిలబడింది.

అదే నాకు మొదటి జలపాతం. పిక్నిక్కు అనండి, పితృకార్యం అనండి, మేం విడదీసి చూడలేదు. మర్నాడు పారణకి ఆ తోటలోనే గుమ్మడికాయ దప్పళం వండారు. అంత రుచి మళ్లీ దొరకలేదంటే ఆకలి వల్ల అంటాడు మీ తాత. ఆయన మాటకేంలే.

అవునమ్మా, అంత దూరం వెళ్లి ఇంకా పైకి, అనంతగిరి వైపు ఎందుకు వెళ్లలేదని కదా నీ ప్రశ్న. మన్యం జ్వరం. ఆ మాట వింటే ఇప్పటి పిల్లలకి ఏటీ అనిపించదు. కొండ మీద ఒక రాత్రి పడుకుని వస్తే వారం పదిరోజుల్లో చలి మొదలై, దుప్పట్లు నాలుగు కప్పినా మంచం కదిలిపోయీది. కొయినా మాత్రలు మింగీవోళ్లు, చెవులు గింగురుమనీవి. కొండ గాలికే వస్తాదనీవోళ్లు, నీళ్లకి అనీవోళ్లు. దోమ అని నమ్మినవోళ్లు తక్కువ. 1953లో దేశమంతటా మలేరియా మీద పని మొదలెట్టాక మన ఊళ్లకీ మందు కొట్టీవోళ్లు వచ్చారు. వీపుకి డబ్బా కట్టుకుని గోడలన్నీ డీడీటీతో తెల్లగా చేసీసి, గుమ్మం పక్క తారీకు రాసి పోయీవోళ్లు. దేవుడి గదిలో కొట్టనివ్వనని మా అమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. అలాంటి కాలం. కొండ చూడు, పొద్దుండగా దిగిపో, ఇదే కట్టడి. మీరు అక్కడ గుడారం వేసుకుని పడుకుంటామంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తాది. దోమతెర పట్టుకెళ్లండి. మన్యంలో మలేరియా పోయిందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఆ భయం కాస్త పోగొట్టింది రైలు. బైలదిల్లా ఇనపరాయి జపాను తీసుకెళ్లడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960లలో కొండలు తొలిచి లైను వేశారు. మీ చిన్నతాత, అంటే మా మరిది, ఆ పనిలో మేస్త్రీ దగ్గర లెక్కలు రాయడానికి కుదిరాడు. మొత్తం యాభై ఎనిమిది సొరంగాలు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది, పెద్దలైను మీద దేశంలో అంతకంటే ఎత్తు స్టేషను లేదని వాడు మీసం తిప్పీవోడు. కాశ్మీరులో లైను పడ్డాక ఆ మీసం దించుకున్నాడులే. నెలకోసారి ఇంటికి వచ్చీవోడు, ఒకసారి డబ్బుతో, ఒకసారి జ్వరంతో. వచ్చినప్పుడల్లా ఒకటే కథ. వానల్లో సొరంగం ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి బయటపడితే పక్కనే ధార పడతంటాదంట. నిన్న లేని చోట ఇవాళ ఉంటాదంట. దాని పేరేటి అని అడిగితే కొండోళ్లకి తెలుసు, నాకు తెలీదు అనీవోడు.

అలాగ ఊరించి ఊరించి ఒక కార్తీకంలో వనభోజనాలని పేరు పెట్టి మమ్మల్ని తీసుకెళ్లాడు. ఈసారి బస్సు. అప్పటికి ఆడోళ్లం కొంచెం నోరు నేర్చాం, కార్తీకం వంక సరిపోయింది. బొడ్డవర దాటాక కొండ మొదట్లో ఒక గెడ్డ. పైన బండమీంచి ధార, కింద మడుగు, పక్కన ఉసిరిచెట్టు. అన్నీ కావలసినట్టు కుదిరాయి. వాడితో పనిచేసిన ఒక కొండదొర పెద్దాయన తోవ చూపించడానికి వచ్చాడు. మేం నీళ్ల పక్కనే మూడు రాళ్లు పెట్టి పొయ్యి వేస్తంటే ఆయన, అక్కడ వద్దు, గట్టెక్కి వండుకోండి అన్నాడు. నీళ్లు మొయ్యాలని మాకు బద్ధకం. మా అత్త ఇత్తడి గుండిగలో పప్పు పడేసింది. ఎండ కాస్తంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. పిల్లలు మడుగులో ఉన్నారు.

ఆ పెద్దాయన చుట్ట కాలుస్తూ నీళ్లకేసే చూస్తన్నాడు. ఉన్నట్టుండి లేచాడు. నేనూ చూశాను, నాకు ఏటీ కనిపించలేదు. ఎండుటాకులు వస్తన్నాయి, అంతే. ఒకటీ రెండూ కాదు, వరసగా, పుల్లలతో కలిసి. నీళ్లు రవ్వంత రంగు తిరిగాయి. పైన ఎక్కడో రాయి రాయికి తగిలినట్టు చప్పుడు, బండి వంతెన ఎక్కుతున్నట్టు. పిల్లల్ని తియ్యండి అని ఒక్క కేక వేశాడు. ఎవరి బిడ్డ ఎవరి చంకలో ఉందో చూసుకోలేదు, గట్టు మీదకి ఎగబాకాం. మా అత్త గుండిగ కోసం వెనక్కి తిరిగితే ఆయన చెయ్యి పట్టి లాగీశాడు. ఒక చుట్ట కాలీ సేపు కూడా పట్టలేదు, మడుగు లేదు, పొయ్యి లేదు, ఉసిరిచెట్టు మొదటి దాకా ఎర్రనీళ్లు. వాన పైకొండలో పడింది. మనకి ఎండ, వాళ్లకి వాన, గెడ్డ మాత్రం ఒకటే.

అందరం బతికాం. గుండిగ పోయింది. అది మా అత్త పుట్టింటి గుండిగ. గట్టెక్కి వండుదామని నేను అనలేదని ఆ గుండిగ లెక్క చచ్చీవరకూ నా ఖాతాలోనే రాసింది. ఆ రోజు అటుకులు నానబెట్టుకు తిని బస్సెక్కాం. పెద్దాయనకి మావ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, చుట్టలు తీసుకున్నాడు.

కాబట్టి, ఒరే చినబాబూ, నీ ఫోనులో రాసుకో. నీళ్లలో ఆకులొస్తే, రంగు తిరిగితే, పైన చప్పుడైతే ఫొటో మానీసి గట్టెక్కాల. మనం నిలబడ్డ చోట వాన లేదని కూర్చోకూడదు. ధార సరిగ్గా కింద నిలబడొద్దు, నీళ్లతోపాటు రాళ్లూ దిగుతాయి. పాచి పట్టిన రాతిమీద చెప్పులతో అడుగెయ్యొద్దు. ఏటా ఎవరో ఒక కాలేజీ పిల్లడు అలాగే పోయాడని పేపర్లో వస్తంది, చదివినప్పుడల్లా నాకు ఆ ఎండుటాకులే కళ్లముందు తిరుగుతాయి. తోవ చూపించీ కొండమనిషి వద్దంటే వద్దు. బేరాలాడకండి.

కటికి మీద అంత మనసుంటే అదీ వెళ్లండి, ఎవరొద్దన్నారు. విశాఖలో పొద్దున్న కిరండూల్ బండెక్కితే, మన కోట మీదుగా, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి దాటి బొర్రా గుహలు స్టేషను. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు దానికి, నేను ఎక్కాను. కొండ చూడాలో సొరంగంలో పిల్లలు వేసీ కేకలు వినాలో తెలీలేదు. దిగాక జీపోళ్లు ఉంటారు, కొంత దూరం జీపు, మిగతాది నడక. అప్పట్లో అదంతా మాలాగే విశాఖపట్నం జిల్లా. మనం 1979లో విజయనగరం జిల్లా అయ్యాం, వోళ్లు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యారు. జిల్లా దాటినట్టు నీళ్లకి తెలీదులెండి. అక్కడ బొంగులో కోడి కాల్చి పెడతారు, తినండి. కానీ ఆ ప్లాస్టిక్కు ప్లేట్లు గెడ్డలో పారేసి వచ్చారని తెలిస్తే నా గుమ్మం ఎక్కనివ్వను. ఆ గెడ్డే దిగివచ్చి మీ అమ్మ కుళాయిలో పడతాదని ఇందాకే చెప్పాను.

నా మాట వింటే ఇలాగ చెయ్యండి. కనుమ వెళ్లాక ఒకరోజు ఆగి పుణ్యగిరి వెళ్లండి. శివరాత్రి దాకా ఆగితే జనంలో ధార కాదు, వీపులు చూస్తారు. సోమవారం వద్దు. పొద్దున్నే మన ఊళ్లో బయల్దేరితే ఎండెక్కీ లోపల కొండెక్కుతారు. కటికిని కార్తీకానికి దాచుకోండి. లీవు ఇప్పట్నుంచే అడగండి, ఆఫీసులో ఏం వంక చెప్తారో మీ ఇష్టం. ముసలమ్మ మీద పెట్టి చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

నేనా? మెట్లు ఎక్కలేను, మోకాళ్లు చూశావు కదా. కింద తోటలో కూర్చుంటాను. అడ్డాకులు సంతలో దొరికితే రెండు కట్టలు పట్రండి. విస్తళ్లు ఈ పిల్ల చేత కుట్టిస్తాను. ఎలాగ కుడతాదో చూద్దాం. చారు మాత్రం పెట్టొద్దు.